పరదేశపు గడప: వీసా పుట్టుపూర్వోత్తరములు



మన పల్లెలలో పొరుగూరినుండి వచ్చినవానిని ఇంటివారు అడుగు ప్రశ్నలు కొన్ని కలవు. "ఏ ఊరు బాబూ? ఎవరి తాలూకు? ఏ పనిమీద వచ్చినారు? ఎన్నాళ్లుందురు?" అని అడిగి, కాళ్లకు నీళ్లిచ్చి, అరుగుమీద కూర్చుండబెట్టుట మర్యాద. ఒక రాజ్యము మరియొక రాజ్యపు మనుష్యుని అడుగునవియు ఈ ప్రశ్నలే. అయితే అక్కడ అరుగునకు బదులు ఒక కార్యాలయమును, నోటిమాటకు బదులు ఒక దరఖాస్తు కాగితమును ఉండును. సమాధానము నచ్చినచో లభించునది నీళ్లచెంబు కాదు, పాసుపోర్టు పుటమీద ఒక ముద్ర. దానికే వీసా యని పేరు.

ఈనాడు తెలుగుసీమలో వీసా యను మాట యెరుగని గ్రామము అరుదు. చదువునకై పోవు విద్యార్థి, కూలికై గల్ఫు దేశములకు పోవు కార్మికుడు, పరదేశమున కాపురమున్న బిడ్డను చూడబోవు ముసలితల్లి, అందరును ఆ ముద్రకొరకు కాచుకొని యుందురు. హైదరాబాదు చెంతనున్న చిలుకూరు బాలాజీకి జనులు వీసా బాలాజీ యని పేరు పెట్టి, మ్రొక్కునప్పుడు 11 ప్రదక్షిణములును, కోరిక తీరిన పిమ్మట 108 ప్రదక్షిణములును చేయుచున్నారు. దేవుని నాశ్రయించునంతటి చిక్కు ఆ దరఖాస్తులో ఉన్నదన్నమాట.

దానిని పూరించువారికి అందలి ప్రశ్నలు కొన్ని అర్థరహితములుగను, కొన్ని అవమానకరములుగను తోచును. ఛాయాచిత్రమేల? వ్రేలిముద్రలేల? మన బ్యాంకులో రొక్కమెంత యున్నదో వారికేల? తిరుగు ప్రయాణపు టిక్కెట్టు ముందుగనే చూపుటేల? వారి భాషలో పరీక్ష యేల? ఈ ప్రశ్నలలో ఏదియు ఆకాశమునుండి ఊడిపడినది కాదు. ఒక్కొక్క ప్రశ్న వెనుక ఒక కాలము, ఒక రేవు, కొన్నిచోట్ల ఒక ఓడ నిండ మనుష్యులు ఉన్నారు. ఆ కథనే నేడు మనవి చేయదలచితిని.

ముందుగా రెండు కాగితములకు గల భేదమును తెలిసికొనవలెను. పాసుపోర్టు మన ప్రభుత్వమిచ్చునది. "ఇతడు మావాడు, ఇతనిని అడ్డగింపక పోనిండు, ఆపద వచ్చినచో ఆదుకొనుడు" అని అది పలుకును. వీసా అవతలి ప్రభుత్వమిచ్చునది. లాటిను భాషలో ఆ మాటకు 'చూడబడినది' యని అర్థము. "ఈ కాగితమును చూచితిమి, ఇతడు మా గడపదాక రావచ్చును" అని దాని భావము. గడపదాక అంటిని గాని, గడప లోనికి అనలేదు. ఆ సంగతి చివర చెప్పెదను. పాసుపోర్టు స్వజనుల సాక్ష్యము. వీసా పరుల అనుమతి. ఇందు సాక్ష్యము చాల ప్రాతది. ప్రతి మనుష్యుడును ఆ అనుమతి కొరకు చేయి చాచవలసి వచ్చుట మాత్రము రమారమి నూరేండ్ల నాటి మాట.

కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణములో ముద్రాధ్యక్షుడను ఉద్యోగి కనబడును. అతడు ఒక మాషము రుసుము పుచ్చుకొని ముద్రనిచ్చును. ముద్ర కలవాడే జనపదమును ప్రవేశించుటకు గాని విడిచిపోవుటకు గాని అర్హుడు. ముద్ర లేక తిరుగు స్వదేశీయునకు 12 పణముల జరిమానా. దొంగముద్ర చూపినవానికి పూర్వసాహస దండము. వాడే పరదేశీయుడైనచో ఉత్తమసాహస దండము. పచ్చికబయళ్లను కాచు వివీతాధ్యక్షుడు దారిలో ఆ ముద్రలను తనిఖీ చేయవలెను. రుసుము, ముద్ర, తనిఖీ, దొంగపత్రమునకు శిక్ష, తనవాడు పరాయివాడను భేదము, నేటి వ్యవస్థలోని అంగములన్నియు అందు బీజప్రాయముగ నున్నవి. తరువాతి కాలమున ఫారసీనుండి 'రహదారీ' యను మాట మనకు వచ్చెను. నేడు రహదారి యనగా పెద్దబాట. తాతలనాడు ఆ బాటలో అడ్డులేకుండ పోవుటకు ఇచ్చు చీటికిని ఆ పేరే చెల్లెను.

ఐరోపాలోను ఇట్టి చీటీలు చిరకాలమునుండి ఉన్నవి. వాని బలహీనత యేమో 1791 జూను నెలలో లోకమునకు వెల్లడియైనది. ఫ్రాన్సు రాజు పదునారవ లూయీ, విప్లవకారుల కాపలానుండి తప్పించుకొనుటకై, రాత్రివేళ కుటుంబముతో బండియెక్కి పారిసును విడిచెను. వారి చేతనున్న పాసుపోర్టు రష్యాకు చెందిన కోర్ఫ్ అను జమీందారిణి పేర నుండెను. రాజు ఆమె సేవకుని వేషము ధరించెను. ఆ కాగితములో పేరు కలదు గాని ముఖము లేదు. కావున చాలదూరము అది చక్కగనే పనిచేసెను. తుదకు వరెన్ అను ఊరిలో రాజు పట్టుబడెను. పట్టించినది కాగితము కాదు, దారిలో అతని ముఖమును గుర్తుపట్టిన ఒక మనుష్యుడు. ఆ యేటనే వచ్చిన క్రొత్త రాజ్యాంగము పౌరులకు స్వేచ్ఛగా సంచరించు హక్కునొసగెను. 1792లో యుద్ధభయము క్రమ్మగనే పాసుపోర్టు మరల వచ్చెను. భయము హెచ్చినప్పుడు కాగితము వచ్చును. భయము తగ్గినప్పుడు సడలును. ఈ చరిత్ర కంతటికిని ఇదియే సూత్రమని నా తలంపు.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున ఐరోపాఖండమంతట రైళ్లు నడువనారంభించెను. ఒక్కొక్క బండిలో వందలకొలది మనుష్యులు సరిహద్దు దాటుచుండగా, ఒక్కొక్కని కాగితమును విప్పి చూచుట అసాధ్యమయ్యెను. వర్తకమునకును అది ఆటంకమయ్యెను. 1861లో ఫ్రాన్సు పాసుపోర్టు నిర్బంధమును విడిచెను. 1867లో ఉత్తర జర్మను సమాఖ్య చట్టము చేసి దానిని తొలగించెను. రష్యా, తురుష్క సామ్రాజ్యములు తక్క ఐరోపాలో చాల రాజ్యములు ఆ బాటనే పట్టెను. ధనము గల ఐరోపావాడు జేబులో ఏ కాగితమును లేకయే దేశదేశములు తిరిగివచ్చు కాలము కొంత నడచెను.

అదే కాలమున మనవారి గతి వేరు. 1860 నవంబరు 16వ తేదీన మదరాసునుండి పోయిన ట్రూరో యను ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాలు సీమలో డర్బను రేవు చేరెను. చెరకుతోటలలో పనికై ఒడంబడిక వ్రాసి పోయిన కూలీలు అందుండిరి. ఆ పిమ్మట తెలుగువారును తమిళులును వేలకొలది ఆ దారినే పోయిరి. కూలికి వచ్చినంతకాలము వారికి తలుపు తెరచియే యుండెను. ఒడంబడిక తీరి వారు స్వతంత్రులై భూమి సాగుచేసికొని, వారి వెనుక వర్తకులును వచ్చి దుకాణములు పెట్టినప్పుడు తెల్లవారికి తలుపు మూయవలెనను బుద్ధి పుట్టెను. కాని భారతీయులును అదే విక్టోరియా రాణి ప్రజలు. 'భారతీయులు రాకూడదు' అని శాసనమున పచ్చిగా వ్రాయుట లండను ప్రభుత్వమునకు ఇష్టము లేదు. అందుచేత 1897లో నేటాలు ప్రభుత్వము ఒక ఉపాయము పన్నెను. ప్రవేశము కోరువాడు ఏదేని ఒక ఐరోపా భాషాలిపిలో దరఖాస్తును స్వయముగ వ్రాసి సంతకము చేయవలెను. అది చేతకానివానిని ఓడనుండి దింపరు. శాసనములో ఏ జాతి పేరును లేదు. అయినను తెలుగున భారత భాగవతములు ఆమూలాగ్రము చదివిన పండితుడును ఆ రేవులో నిరక్షరుడే యయ్యెను.

ఈ యుపాయము ఇతరులకును నచ్చినది. 1901లో ఆస్ట్రేలియా దీనినే మరింత పదునుపెట్టెను. ఉద్యోగి 50 మాటల వాక్యభాగమును ఐరోపా భాషలలో తనకు నచ్చినదానిలో చదువును. వచ్చినవాడు దానిని వ్రాయవలెను. ఇంగ్లీషు వచ్చినవానికి మరియొక భాష. అదియు వచ్చినచో ఇంకొకటి. 1934లో ఏగన్ కిష్ అను చెకొస్లొవాకియా రచయిత, హిట్లరు పాలనను యుద్ధమును నిరసించి మాటాడుటకై ఆస్ట్రేలియాకు వచ్చెను. అతనికి చాల భాషలు తెలియును. ఉద్యోగులు అతనికి స్కాట్లండు కొండసీమల గేలిక్ భాషలో పరీక్ష పెట్టిరి. అతడు తప్పెను. తుదకు అచటి ఉన్నత న్యాయస్థానము, ఆ శాసనము ఉద్దేశించిన ఐరోపా భాషలలో అది చేరదని తీర్పు చెప్పగా లోకమంతయు నవ్వెను. ఆ పరీక్ష మాత్రము 1958 వరకు శాసనమున నిలిచియే యుండెను. భాషాపరీక్షలన్నియు అన్యాయములని నేను చెప్పుట లేదు. తరగతిలో పాఠమర్థమగునా యని విద్యార్థిని పరీక్షించుట న్యాయమే. పరీక్ష జ్ఞానమును తెలిసికొనుటకా, మనుష్యుని త్రిప్పివేయుటకా యనునదే చూడవలసినది.

వ్రేలిముద్రల ప్రశ్నయు దక్షిణాఫ్రికాలోనే మనవారికి ఎదురయ్యెను. ట్రాన్స్‌వాలులో ఆసియావాసులందరును వ్రేలిముద్రలిచ్చి పేర్లు నమోదు చేయించుకొని, ఆ పత్రమును ఎప్పుడడిగిన అప్పుడు చూపవలెనని 1906లో శాసనమును సిద్ధపరచిరి. అప్పటికి వ్రేలిముద్రలు నేరస్థులకు తీసికొనునవని జనుల భావము. గాంధీమహాత్ముని సత్యాగ్రహము ఆ శాసనమును ఎదిరించుటతోనే పుట్టినది. 1908 ఆగస్టు 16వ తేదీన జోహానిస్‌బర్గు మసీదు ఆవరణమున రెండువేలకు పైగా పత్రములను ఒక పెద్ద కొప్పెరలో వేసి కాల్చిరి. నేడు వీసా కార్యాలయములో యంత్రముపై వ్రేళ్లుంచి క్షణములో లేచి వచ్చువారు, ఒకప్పుడు ఆ వ్రేలిముద్ర నిరాకరించి చెరసాలలకు పోయినవారుండిరని తెలిసికొనుట మంచిది. ఆనాటి పోరాటము సిరాతో కాదు. ఒక జాతివారిని మాత్రమే అనుమానించుట పై ఆ పోరాటము జరిగినది.

ఇక టిక్కెట్టు, రొక్కము. 1908 జనవరిలో కనడా ప్రభుత్వము ఒక ఉత్తరువు చేసెను. వలసవచ్చువాడు తాను పుట్టిన లేక పౌరుడుగా నున్న దేశమునుండి, అక్కడనే కొనిన టిక్కెట్టుతో, నడుమ ఎక్కడను దిగక నేరుగ రావలెను. ఆసియావాసుల చేత 200 డాలర్లు రొక్కము ఉండవలెననియు నియమించిరి. ఇందును భారతదేశము పేరు లేదు. కాని ఇండియానుండి కనడాకు నేరుగ నడచు ఓడవసతి లేకుండెను; ఆ సంగతి ఉత్తరువు చేసినవారికి బాగుగ తెలియును. దానిని పరీక్షింపదలచి గురుదిత్తు సింగు అను వర్తకుడు కొమగట మారు అను జపాను ఓడను బాడుగకు కుదుర్చుకొనెను. 376 మంది ప్రయాణికులతో ఆ ఓడ 1914 మే 23వ తేదీన వాంకూవరు చేరెను. అందు చాలమంది పంజాబు సిక్కులు; బ్రిటిషు సైన్యమున కొలువు చేసినవారును ఉండిరి. పూర్వమే కనడాలో నివాసమేర్పరచుకొనిన కొలదిమందిని తప్ప తక్కినవారిని దిగనీయలేదు. రెండు నెలలు ఓడ నీటిమీదనే నిలిచెను. అన్నపానములకు కరవయ్యెను. తుదకు జూలై 23వ తేదీన ఒక యుద్ధనౌక కాపలాతో దానిని త్రిప్పి పంపిరి. సెప్టెంబరు చివర కలకత్తా సమీపమున బజ్ బజ్ వద్ద దిగినప్పుడు పోలీసులకును వారికిని ఘర్షణ జరిగి, తుపాకులు ప్రేలి, రమారమి ఇరువదిమంది ప్రయాణికులు మడిసిరి. నూటరెండు సంవత్సరముల తరువాత, 2016 మే 18వ తేదీన, కనడా ప్రధానమంత్రి ఆ దేశపు పార్లమెంటులో నిలిచి క్షమాపణ చెప్పెను. అంతకు చాలకాలము ముందే ఆ ప్రయాణికులు గతించిపోయిరి.

ఇంతవరకు ఈ నిర్బంధములు ముఖ్యముగ బీదలకును, నల్లవారికిని. 1914 ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభము కాగానే అవి అందరికిని వచ్చిపడెను. కార్ల్ లోడీ అను జర్మను గూఢచారి, చార్లెస్ ఇంగ్లిస్ అను అమెరికనుని పాసుపోర్టుతో బ్రిటను ప్రవేశించి నౌకల వార్తలు పంపుచుండెను. ఆ పాసుపోర్టులోను పేరే తప్ప ముఖము లేదు. లూయీ రాజునాటి లోపము నూరేండ్లు గడచినను తీరలేదన్నమాట. లోడీని పట్టి 1914 నవంబరు 6వ తేదీన లండను కోటలో కాల్చి చంపిరి. ఛాయాచిత్రము అతికించుట అప్పటినుండియే నియమమయ్యెను. 1915నాటి బ్రిటిషు పాసుపోర్టులో ఛాయాచిత్రముతోపాటు నుదురు, ముక్కు, కన్నులు, మేనిచాయ ఎట్టివో వ్రాయవలసియుండెను. పెద్దమనుష్యులు పలువురు తమ ముక్కు వర్ణన చదువుకొని చిన్నబోయిరి. కాగితముమీద రాజముద్ర చాలదు. శత్రువు కాడని మా కాన్సలు కూడ చూచి ముద్ర వేయవలెనని రాజ్యములన్నియు పట్టుపట్టెను. సార్వత్రికమైన వీసా పుట్టినది ఈ పురిటింటిలోనే.

యుద్ధము ముగియగనే ఇదంతయు తొలగిపోవునని జనులు తలంచిరి. 1920 అక్టోబరులో నానాజాతి సమితి పారిసులో సభ చేసెను. పూర్వపు స్వేచ్ఛకు ఇంకను కాలము రాలేదనియు, అంతవరకు పాసుపోర్టులన్నియు ఒకేరీతి 32 పుటల పుస్తకములుగ నుండవలెననియు, వీసా రుసుమునకు హద్దుండవలెననియు, దేశము విడుచుటకు వేరుగ వీసా అడుగరాదనియు సభవారు తీర్మానించిరి. 1926లో జెనీవాలో మరియొక సభ జరిగెను. తాత్కాలికమని చెప్పి వేసిన పందిరి ఇల్లయి కూర్చుండెను. మన దేశమునను 1920లో పాసుపోర్టు చట్టము వచ్చెను. యుద్ధమునకు ముందు ఇండియాలో సామాన్య ప్రయాణికునకు పాసుపోర్టు అలవాటే లేదు.

రాజ్యమే లేనివాని గతి యేమి? విప్లవము తరువాత రష్యా విడిచివచ్చిన లక్షలమందికి పాసుపోర్టిచ్చువారు లేరు. పాసుపోర్టు లేనిదే వీసా లేదు. నార్వే దేశపు సాహసయాత్రికుడు ఫ్రిజాఫ్ నాన్సెను 1922లో వారికొక పత్రమును ఏర్పాటు చేయించెను. నాన్సెను పాసుపోర్టు అని దానికి పేరు. ఏ రాజును ఇయ్యని సాక్ష్యమును మానవసమాజమే ఇచ్చుట చరిత్రలో అదియే మొదలు.

1924లో అమెరికా మరియొక మార్పు చేసెను. అంతకుముందు వలసవచ్చువారిని ముఖ్యముగ న్యూయార్కు రేవులోని ఎల్లిస్ దీవిలో పరీక్షించువారు. అక్కడ త్రిప్పివేసినచో ఆ దృశ్యము పదిమంది కంటబడును. కొమగట మారు కథవలె అది ఊరకపోదు. 1924 చట్టము ప్రకారము వలసదారుడు తన దేశమునందే అమెరికా కాన్సలు వద్ద వీసా పొంది, పిదప ఓడ ఎక్కవలెను. గడప రేవునుండి లేచి సముద్రము దాటి మన వీథిలోనికి వచ్చెను. త్రోసివేయబడినవాని దుఃఖము ఓడమీద కాక ఒక గదిలో, ఎవరికిని కనబడక, ముగిసిపోవును. మన దేశీయులకు ఆ చట్టముక్రిందను తలుపులు మూసియే యుండెను. 1946లో ఏటికి 100 మంది చొప్పున మరల తెరచిరి. నేటి అమెరికా తెలుగువారి బస్తీలను చూచువారికి ఆ 100 అంకె నమ్మశక్యము కాదు.

ఆ ముద్ర విలువ ప్రాణముతో సమానమైన దినములును వచ్చినవి. 1939 మే నెలలో సెయింట్ లూయిస్ అను ఓడ 937 మందితో జర్మనీనుండి క్యూబాకు పోయెను. వారిలో చాలమంది హిట్లరు బాధ పడలేక పారిపోవుచున్న యూదులు. వారి చేతనున్న అనుమతి పత్రములు చెల్లవని క్యూబా ప్రభుత్వము చెప్పెను. అమెరికా కూడ దిగనీయలేదు. ఓడ ఐరోపాకే తిరిగిపోయెను. తిరిగిపోయినవారిలో 254 మంది యుద్ధకాలపు మారణహోమమున హతులైరి. మరుసటి సంవత్సరము లిథువేనియాలోని కౌనాసులో జపాను కాన్సలు చియునె సుగిహార, తన ప్రభుత్వము వలదన్నను, రెండువేలకు పైగా ప్రయాణవీసాలను పగలును రేయియు తన చేతితో వ్రాసి యిచ్చి యూదుల ప్రాణములు కాపాడెను. ముద్ర ఒకటే. అది లేక చచ్చినవారును, అది దొరకి బ్రతికినవారును ఒకే జాతివారు.

ఇప్పుడు మన గుమ్మమునకు వత్తము. ఆంధ్రదేశమునకు చిరకాలము విదేశము కాని విదేశము ఒకటి యుండెను. అది రంగూను. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము రేవులలో ఓడ ఎక్కి మనవారు బర్మాకు పోవుటకు కడుపు చేతపట్టుకొని పోవుటయే గాని కాగితము చేతపట్టుకొనుట యెరుగరు. కోరంగి రేవు పేరున బర్మావారు మనవారిని కోరంగీలని పిలిచిరి. 1931 జనాభా లెక్కలలో బర్మాలోని భారతీయులు 10 లక్షలకు మించిరి. రంగూను నగరమున సగముకంటె ఎక్కువమంది భారతీయులే. 1930 మే నెలలో రేవుపని విషయమున తెలుగు కూలీలకును బర్మా కూలీలకును ఘోరమైన కొట్లాట జరిగెను. 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా ఇండియానుండి వేరయ్యెను. 1938లో అల్లర్లు మరల చెలరేగెను. 1941లో రెండు ప్రభుత్వములును చేసికొనిన ఒడంబడికతో, బర్మా పోవు భారతీయునకు పాసుపోర్టును, వీసా లేక ప్రవేశపత్రమును కావలెనని నిర్ణయమయ్యెను. తాతయు తండ్రియు పడవపనికి పోయినట్లే పోవు యువకునకు ఆ రేవు ఒక్కసారిగ పరదేశమైపోయెను. గాంధీమహాత్ముడు ఆ ఒడంబడికను విమర్శించెను.

బర్మావారి పక్షమునను ఒక మాట చెప్పుట న్యాయము. తమ రాజధానిలో తామే అల్పసంఖ్యాకులైన ప్రజలకు తలుపు వేసికొనవలెనను కోరిక పుట్టుట వింత కాదు. నేటాలులో తలుపు మూసినది దొర. రంగూనులో మూయగోరినది తానును ఒక దొర పాలనక్రింద నలిగిన పేద. వీసాను గూర్చి తీర్పు చెప్పునపుడు ఈ రెండింటిని ఒకే గాట కట్టరాదు. ఆ ఒడంబడిక నలుగువేళకే కాలము దానిని త్రోసివేసెను. 1941 డిసెంబరు 23వ తేదీన రంగూనుపై జపాను బాంబులు పడెను. రమారమి 5 లక్షలమంది భారతీయులు బర్మా విడిచిరి. అందు లెక్కలేనంతమంది అడవులు కొండలు కాలినడకను దాటిరి. దారిలో రాలిపోయినవారి పేర్లు ఏ పుస్తకమునను లేవు. పారిపోవువానిని ఎవరును వీసా అడుగలేదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట గడప మన పెరటిలోనే లేచెను. 1948లో పశ్చిమ పాకిస్తానుకును ఇండియాకును నడుమ అనుమతిపత్రములు వచ్చెను. 1952 అక్టోబరు 15వ తేదీనుండి పాసుపోర్టులు, వీసాలు వచ్చెను. లాహోరులో పుట్టి ఢిల్లీలో తేలినవాడు తన పుట్టినింటిని చూచుటకు పరప్రభుత్వపు ముద్ర నడుగవలసిన వాడయ్యెను.

1948 డిసెంబరు 10వ తేదీన ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మానవ హక్కులలో ఒక విచిత్రము కలదు. ప్రతి మనుష్యునకును ఏ దేశమునైనను, స్వదేశమునైనను, విడిచిపోవు హక్కు కలదనియు, స్వదేశమునకు తిరిగివచ్చు హక్కు కలదనియు అందున్నది. మరియొక దేశమున ప్రవేశించు హక్కు మాత్రము అందు లేదు. వెడలుట హక్కు, చొచ్చుట అనుగ్రహము. మన సుప్రీముకోర్టు 1967 ఏప్రిలు 10వ తేదీన సత్వంతు సింగు సాహ్ని వ్యాజ్యెమున, విదేశమునకు పోవుట పౌరుని వ్యక్తిస్వాతంత్ర్యములో భాగమనియు, ప్రభుత్వము ఇష్టము వచ్చినట్లు పాసుపోర్టు నిరాకరింపరాదనియు తీర్పు చెప్పెను. దానిఫలముగనే ఆ యేట పాసుపోర్టుల చట్టము వచ్చెను. కాని ఏ న్యాయస్థానమును పరదేశపు వీసా నిప్పింపజాలదు. పాసుపోర్టునకై వ్యాజ్యెమాడవచ్చును, వీసాకై అర్జీ మాత్రమే పెట్టుకొనవచ్చును.

కావున ఆ అర్జీని శ్రద్ధతో వ్రాయవలెను. వచ్చిన ముద్రను శ్రద్ధతో చదువవలెను. ముద్రమీది గడువు ఒకటి. అక్కడ ఉండదగిన దినములు వేరొకటి. ఎన్నిసార్లు ప్రవేశింపవచ్చునో అది మూడవది. ఐరోపాలోని షెంగెన్ దేశములకు సందర్శనార్థము పోవువాడు ఏ 180 దినముల లెక్కలోనైనను 90 దినములు మించి ఉండరాదు. నడుమ తిరిగివచ్చి మరల పోయినంతమాత్రమున లెక్క క్రొత్తగ మొదలు కాదు. దారిలో విమానము మారు దేశము కూడ కొన్ని వేళల ప్రయాణవీసా అడుగును. పాసుపోర్టునకు ఇంకను ఆరునెలల గడువుండవలెనని చాల దేశములు కోరును. మనకు ఇంటిపేరు ముందును, సొంతపేరు వెనుకను వ్రాయుట వాడుక. వారికి అది తలక్రిందు. పాసుపోర్టు, చదువుపత్రము, టిక్కెట్టు మూటియందును పేరు ఒకేరీతి లేనిచో, మనుష్యుడొకడే యైనను కాగితములలో ఇద్దరగును. అన్నిటికంటె ముఖ్యము, అబద్ధము వ్రాయరాదు, వ్రాయించరాదు. దొంగముద్రకు పరదేశీయుని ఎక్కువగ దండించుట కౌటిల్యుని నాడే కలదని చెప్పితిని గదా!

ముందు దాచిన మాట ఒకటి ఉన్నది. వీసా గడపదాక మాత్రమే తెచ్చును. విమానము దిగినచోట కూర్చున్న ఉద్యోగి మరల అడుగును: ఏ ఊరు? ఎవరి తాలూకు? ఏ పని? ఎన్నాళ్లు? కడపటి మాట అతనిదే. అప్పుడు కోపమును వద్దు, దైన్యమును వద్దు. మనము వ్రాసినదే నెమ్మదిగ చెప్పిన చాలును. ఆ కిటికీముందు నిలిచినవారిలో మనము మొదటివారము కాము. డర్బను రేవులో పరలిపి రాక త్రిప్పివేయబడినవాడు, వాంకూవరు నీటిలో రెండు నెలలు తీరమును చూచుచు కూర్చున్నవాడు, రంగూనులో ఒక్కరోజున పరాయివాడైన కోరంగీ కూలీ, వీరందరును మనకు ముందు వరుసలో నిలిచినవారు. 1861లో ఐరోపాలో సడలిన సంకెల 1914లో బిగిసినది. 1985లో అయిదు దేశములు షెంగెన్ గ్రామమున సంతకము చేయగా మరల అక్కడ సడలినది. మనుష్యుడు కట్టిన గోడకు మనుష్యుడే తలుపు పెట్టుచున్నాడు. తలుపు ఎంత తెరువవలెననునది ప్రతి తరమువారును మరల నిర్ణయింపవలసిన మాట. మన ఊరికి పొరుగుదేశపువాడు వచ్చి అరుగుముందు నిలిచినప్పుడు మనమడుగు ప్రశ్నలలో ఎంత కాఠిన్యముండవలెనో నిర్ణయించునప్పుడు, ఆ వరుసలో మనవారును నిలిచిరని జ్ఞాపకముంచుకొందము.